రాని తుపానుకు ఇల్లు విడిచినవాళ్లు మళ్లీ మన మాట ఎందుకు వినాలి?

తీరప్రాంత మండలంలో పనిచేస్తున్న ఒక ఉపాధ్యాయుడు ఇలా అడిగారు: "తుపాను హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ మా ఊళ్లో సగం ఇళ్లవాళ్లు కదలరు. పోయినసారీ ఇలాగే అన్నారు, గట్టి వాన కూడా పడలేదు అంటారు. శాస్త్రజ్ఞుల మాట మీద జనానికి నమ్మకం కుదరాలంటే ఏం చేయాలి? విజ్ఞాన శాస్త్రం మీద అవగాహన పెంచితే సరిపోతుందా?"

బంగాళాఖాతంలో ఏర్పడే వాయుగుండాలను గమనించి హెచ్చరికలు తయారుచేసే పనిలో ముప్పై ఏళ్లకు పైగా ఉండి పదవీ విరమణ చేసినవాణ్ని. మీ చివరి ప్రశ్నకు ముందుగా జవాబు చెబుతాను. సరిపోదు. మీ ఊళ్లో కదలని ఆ సగం మందికి తుపాను అంటే ఏమిటో తెలియక కాదు; చాలామందికి నాకంటే బాగా తెలుసు. వాళ్లు ఒక లెక్క వేసుకుంటున్నారు. ఇల్లు విడిచి వెళితే పోయేదేమిటి, ఉండిపోతే వచ్చే ముప్పెంత, చెబుతున్నవాళ్ల మాట కిందటిసారి ఎంతవరకు నిలబడింది అన్న మూడింటినీ కలిపి వేసే లెక్క అది. ఆ లెక్కలో మన మాటకు బరువు పెరగాలంటే మనం చేయవలసినవి ఏమిటో, నేను పనిచేసిన రోజుల్లో చూసినవాటితోనే చెబుతాను.

1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన నుంచి మొదలుపెట్టాలి. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు పదివేల మంది పోయారు. కృష్ణా నది సముద్రంలో కలిసే ఆ ప్రాంతంలో కడలి లోతు తక్కువ, నేల పల్లం. గాలి తోసుకొచ్చిన నీరు ఎక్కడానికి అంతకంటే అనువైన చోటు మన తీరంలో అరుదు. సొర్లగొంది, హంసలదీవి వైపు బతికి బయటపడిన పెద్దలు నా ఉద్యోగ జీవితం తొలిరోజుల్లో ఒకే మాట పదేపదే చెప్పేవారు: గాలివాన వస్తుందని విన్నాం, సముద్రం ఊరి మీదికి వస్తుందని మాకెవరూ చెప్పలేదు. ఈ మాటను నేను చాలా కాలం ఒక దుఃఖపు జ్ఞాపకంగానే విన్నాను. అది నా వృత్తి మీద వేసిన ప్రశ్న అని అర్థం కావడానికి ఏళ్లు పట్టింది.

ఎలా అర్థమైందో చెబుతాను. ఒకసారి మేము ఇచ్చిన తెలుగు హెచ్చరికలో "సాధారణం కంటే ఒక మీటరు ఎత్తున అలలు ఎగసిపడతాయి" అని రాశాము. రాసినవాణ్ని నేనే. ఆ తుపాను పెద్దగా నష్టం చేయకుండానే తీరం దాటింది. తర్వాత ఒక పల్లెలో కూర్చుని మాట్లాడుతుంటే ఒక పెద్దాయన మర్యాదగానే అన్నాడు: "అయ్యా, మూడడుగుల అలకు భయపడితే మేము ఏనాడూ వేటకు వెళ్లలేము. అంతకంటే పెద్ద అలలు దాటుకునే రోజూ బోటు తీస్తాం." ఆయన చెప్పింది అక్షరాలా నిజం. నేను చెప్పదలచుకున్నది అల గురించి కాదు. పోటు సమయంలో నీరు ఎంతవరకు ఎక్కుతుందో ఆ గీత మీద మరో మీటరు ఎత్తున సముద్రమే మొత్తంగా లేచి, గంటల తరబడి దిగకుండా ఉంటుందనీ, అలలు ఆ లేచిన నీటి మీద మళ్లీ విడిగా వస్తాయనీ చెప్పాలి. దానికి మన భాషలో ఎప్పటి నుంచో ఒక మాట ఉంది. ఉప్పెన. చేతిలో ఉన్న ఆ మాటను వదిలేసి నేను అల అని రాశాను. ఆయన నన్ను నమ్మకపోవడంలో ఆయన తప్పేమీ లేదు, ఎందుకంటే నేను రాసిన వాక్యం ఆయన కళ్లతో రోజూ చూసేదానికి పొంతన లేకుండా ఉంది.

ఆ తర్వాత నేను తయారుచేసిన ప్రతి హెచ్చరికలోనూ ఉప్పెన అనే రాశాను. అంతటితో ఆగకుండా, ఆ రోజు పోటు ఎన్ని గంటలకు వస్తుందో, తుపాను తీరం దాటే సమయం దానికి దగ్గరగా ఉందో లేదో కూడా చేర్చమని పట్టుబట్టాను. పోటు మీద వచ్చే ఉప్పెనకూ పాటు సమయంలో, అంటే నీరు వెనక్కి తగ్గే వేళ, వచ్చే ఉప్పెనకూ ఎంత తేడా ఉంటుందో మత్స్యకారుడికి ఎవరూ నేర్పనక్కరలేదు. వాళ్ల లెక్కలో ఇమిడే సమాచారం ఇచ్చినప్పుడు వాళ్లు అడిగే ప్రశ్నలు కూడా మారాయి. "నిజంగా వస్తుందా" అని అడిగేవాళ్లు "పొద్దున పోటుకు ముందా, తర్వాతా" అని అడగడం మొదలుపెట్టారు. నా దృష్టిలో నమ్మకం కుదురుతున్నదనడానికి అంతకంటే మంచి గుర్తు లేదు.

ఇప్పుడు మీ ఊరివాళ్ల అసలు ఫిర్యాదుకు వస్తాను. హెచ్చరిక ఇచ్చాక తుపాను రాకపోతే ఏమవుతుంది?

2013వ సంవత్సరం ఈ విషయంలో మా అందరికీ పాఠం చెప్పింది. ఆ ఏడాది అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను ఒడిశాలో గోపాలపూర్ దగ్గర తీరం దాటింది. కొందరు విదేశీ నిపుణులు దాన్ని సూపర్ సైక్లోన్ అని, అంటే తుపాన్లలో అన్నిటికంటే తీవ్రమైన రకమని ప్రకటించి, భారత వాతావరణ శాఖ ముప్పును తగ్గించి చెబుతోందని విమర్శించారు. శాఖ మాత్రం తన అంచనా మీద నిలబడింది. గాలి గంటకు 210 నుంచి 220 కిలోమీటర్ల వరకు ఉంటుందన్న ఆ అంచనాయే చివరికి నిజమైంది. దాదాపు పది లక్షల మందిని ముందుగా తరలించడం వల్ల మరణాలు పదుల సంఖ్యలోనే ఆగాయి. అదే ఒడిశాలో 1999 అక్టోబరు చివర వచ్చిన సూపర్ సైక్లోన్‌కు దాదాపు పదివేల మంది బలయ్యారన్నది గుర్తుపెట్టుకుంటే ఆ తేడా విలువ తెలుస్తుంది. మా కార్యాలయాల్లో ఆ వారమంతా ఎవరి ముఖం చూసినా వెలుగే.

నెలన్నర తిరగకముందే నవంబరు 22న హెలెన్ తుపాను మచిలీపట్నానికి దక్షిణంగా తీరం దాటింది. ఆ బురద ఆరకముందే లెహర్ వస్తోందన్నారు. అతి తీవ్ర తుపానుగా కాకినాడ పరిసరాల్లో తీరం దాటవచ్చన్న అంచనాతో తీరమంతా అప్రమత్తమైంది. పల్లెలను ఖాళీ చేయించారు. కానీ ఎండిన గాలి తుపాను లోపలికి చొచ్చుకురావడం, కింది గాలికీ పై గాలికీ మధ్య వేగంలోనూ దిశలోనూ తేడా పెరగడం వల్ల అది సముద్రంలోనే కుప్పకూలి, నవంబరు 28న మచిలీపట్నానికి దక్షిణాన ఒట్టి వాయుగుండంగా తీరం దాటింది. చాలా ఊళ్లలో మోస్తరు వాన తప్ప ఏమీ లేదు.

మర్నాడు ఒక మత్స్యకార గ్రామానికి వెళ్లాను. పునరావాస కేంద్రం నుంచి అప్పుడే తిరిగి వచ్చిన ఒక పెద్దావిడ గుమ్మం ముందు కూర్చుని, తడిసిన చింతపండు ఒక గుడ్డ మీద విడదీసి ఆరబెడుతోంది. వారం వ్యవధిలో రెండుసార్లు ఇల్లు విడిచింది. నేనెవరినో తెలిశాక కోప్పడుతుందనుకున్నాను. కోప్పడలేదు. పని ఆపకుండానే అడిగింది.

"తుపాను వస్తదన్నప్పుడు గంటకోసారి ఆటోలో మైకు పెట్టి చెప్పారు బాబూ. తగ్గిపోయిందని మీకెప్పుడు తెలిసింది?"

"మొన్న సాయంత్రానికే బలహీనపడుతోందని తెలిసిందమ్మా."

"మరి ఆ ఆటో అప్పుడెందుకు రాలేదు?"

నా దగ్గర జవాబు లేదు. మూడేసి గంటలకు వెలువడే బులెటిన్లలో ఆ మార్పు స్పష్టంగా ఉంది. కానీ ముప్పు పెరిగిందన్న మాట పైనుంచి కిందికి పరుగున వెళ్లిన దారిలోనే, ముప్పు తగ్గిందన్న మాట ఎక్కడో ఆగిపోయింది. పొరపాటున తగ్గిందని చెప్పి ఏదైనా జరిగితే తన మీదికి వస్తుందన్న భయం ఆ దారిలో ప్రతి మనిషికీ ఉంటుంది. ఆ భయాన్ని నేను తప్పుపట్టను. కానీ ఆ పెద్దావిడ కళ్లతో చూడండి: ఆమెకు తుపాను బలహీనపడటం మోసంగా తోచలేదు, అది తెలిసి కూడా తనకు చెప్పకపోవడం మోసంగా తోచింది. ఆకాశం మాట తప్పుతుందని సముద్రం మీద బతికేవాళ్లకు తెలుసు. మనిషి మాట దాచడాన్ని వాళ్లు క్షమించరు, క్షమించనక్కరలేదు కూడా.

అందువల్ల మీ ప్రశ్నకు నా మొదటి జవాబు ఇది. హెచ్చరిక పెంచినంత త్వరగా, అంతే గట్టిగా, అదే నోటితో దాన్ని తగ్గించి కూడా చెప్పాలి; ఎందుకు తగ్గిందో రెండు వాక్యాల్లో చెప్పాలి. "ఎండిన గాలి లోపలికి పోయి తుపాను బలం తగ్గింది, ఇప్పుడు వాన మాత్రమే ఉంటుంది, ఫలానా సమయానికి ఇళ్లకు వెళ్లవచ్చు" అని చెప్పడానికి అర నిమిషం చాలు. లెహర్ తర్వాత నేను ఉద్యోగంలో ఉన్నంత కాలం, బలహీనపడిన ప్రతి వాయుగుండం విషయంలోనూ జిల్లా కంట్రోల్ రూముకు ఫోన్ చేసి "ఆటో మైకు బయలుదేరిందా" అని అడిగేవాణ్ని. కొందరు విసుక్కునేవారు. అడగడం మాత్రం మానలేదు.

సరిగ్గా అంచనా వేసినప్పుడు కూడా తప్పు ఎంత ఉండవచ్చో ముందే చెప్పాలన్నది రెండో సంగతి. ఇది చాలామంది శాస్త్రవేత్తలకు రుచించదు. సందేహం ఉందని ఒప్పుకుంటే జనం మరింత తేలిగ్గా తీసుకుంటారని వాళ్ల వాదన. నా అనుభవం అందుకు పూర్తిగా విరుద్ధం. భారత వాతావరణ శాఖ 2009 నుంచి తుపాను మార్గాన్ని ఒక గీతగా మాత్రమే చూపకుండా, ముందుకు పోయేకొద్దీ వెడల్పయ్యే ఒక శంకువులాంటి ఆకారంతో చూపుతోంది. ఆ వెడల్పు తుపాను సైజు కాదు, అంచనాలో ఉండే తేడా. 24 గంటల ముందు వేసే అంచనాలో తుపాను కేంద్రం ఎక్కడుంటుందన్న విషయంలో సగటు తేడా ఇప్పుడు వంద కిలోమీటర్ల లోపే ఉంది; కొన్ని దశాబ్దాల కిందట అది ఇంకా చాలా ఎక్కువ. అయినా వంద కిలోమీటర్లంటే మచిలీపట్నం నుంచి బాపట్ల దాటి పోయేంత దూరం. ఆ సంగతి ముందే చెబితే, తుపాను పక్క జిల్లాలో తీరం దాటినప్పుడు అబద్ధం చెప్పారన్న మాట రాదు.

2022 మే నెలలో వచ్చిన అసాని తుపాను ఇందుకు మంచి ఉదాహరణ. అది తీరానికి దగ్గరగా వచ్చి, భూమిని తాకకుండా ఈశాన్యంగా వంపు తిరిగి సముద్రంలోనే సాగిపోతుందని మొదట అనుకున్నారు. వంపు ఆలస్యమైంది. మే 11న మచిలీపట్నం, నరసాపురం మధ్య తీరాన్ని తాకింది, అప్పటికే బాగా బలహీనపడి. వంపు తిరిగే తుపాన్ల విషయంలో ఆ మలుపు ఎక్కడ పడుతుందన్నదే మా వృత్తిలో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. వంపు తిరుగుతుందని మాత్రమే విన్న ఊళ్లు ఆ రోజు కంగారుపడ్డాయి. వంపు ఆలస్యమైతే మన మీదికే వస్తుందని కూడా ముందుగా విన్న ఊళ్లకు అది ఎదురుచూసిన రెండో దారి మాత్రమే.

దీనితోపాటు చెప్పవలసిన మరో విషయం ఉంది, అది చాలామందికి తెలియదు. ప్రతి తుపాను తర్వాత వాతావరణ శాఖ తన అంచనా ఎన్ని గంటల ముందు ఎన్ని కిలోమీటర్లు తప్పిందో, గాలి వేగంలో ఎంత తేడా వచ్చిందో లెక్కగట్టి నివేదికగా బయటపెడుతుంది. తన తప్పును తానే కొలిచి, అందరూ చూసేచోట పెట్టడం చిన్న విషయం కాదు. ఎన్ని రంగాల్లో ఎందరు ఆ పని చేస్తున్నారో మీరే ఆలోచించండి. కానీ ఆ నివేదికలు ఆంగ్లంలో, పట్టికలతో నిండి ఉంటాయి. తీరం మీది మనిషి వాటిని చూసే అవకాశమే లేదు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం మీదుగా తీరం దాటుతుందని కొన్ని రోజుల ముందే చెప్పిన మాట ఎంత కచ్చితంగా నిలబడిందో విశాఖ ప్రజలకు గుర్తుంది, ఎందుకంటే ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్లు దాన్ని కిటికీల్లోంచి చూశారు. సరిపోయిన అంచనా ఇలా దానంతటదే గుర్తుండిపోతుంది. తప్పిన అంచనా గురించి మనమే ముందుగా మాట్లాడకపోతే, దాని గురించి ఇతరులు మాట్లాడతారు, అదీ తమకు తోచినట్లు.

రోజువారీ ఉపయోగం గురించి కూడా చెప్పాలి. ఏడాదికి రెండుసార్లు భయపెట్టడానికి మాత్రమే వచ్చేవాణ్ని ఎవరూ ఆత్మీయుడిగా చూడరు. హైదరాబాదులోని ఇన్‌కాయిస్, అంటే భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం, ఉపగ్రహాలు కొలిచిన సముద్రపు ఉపరితల వేడినీ, నీటిలోని పచ్చదనాన్నీ బట్టి చేపలు ఎక్కువగా దొరికే అవకాశమున్న చోట్లను సూచిస్తుంది. ఏ రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో అన్నది అందులో ఉంటుంది. ఆ సమాచారం వాడి డీజిల్ ఆదా చేసుకున్న బోటు యజమాని, అదే సంస్థ అలలు ఎక్కువగా ఉంటాయని చెప్పినప్పుడు ఆ మాటను పక్కన పెట్టడు. నేను చూసిన రేవుల్లో హెచ్చరికను ముందుగా పాటించినవాళ్లు చాలావరకు ఇలాంటివాళ్లే. మంచి రోజుల్లో పనికొచ్చిన శాస్త్రానికే చెడ్డ రోజున మాట చెల్లుతుంది.

ఇచ్చిపుచ్చుకోవడం కూడా ఉండాలి. గాలి ఇంకా కదలకముందే అల బరువెక్కిందని, దాని వరస మారిందని పాత మత్స్యకారులు పసిగడతారు. దూరాన ఉన్న తుపాను పుట్టించిన పొడవైన అలలు తుపాను కంటే ముందుగా తీరానికి చేరతాయి కనుక అందులో గట్టి శాస్త్రమే ఉంది. ఆ మాటను మూఢనమ్మకంగా తోసిపుచ్చిన యువ అధికారుల్ని చూశాను, తర్వాత వాళ్ల మాటను ఊరు తోసిపుచ్చడమూ చూశాను. అదే పెద్దల అంచనా కూడా విఫలమయ్యే సందర్భాలున్నాయి: 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుపాను చిన్నది, వేగంగా బలపడింది, వేటలో ఉన్నవాళ్లకు వెనక్కి వచ్చే వ్యవధి ఇవ్వలేదు. ఆ తుపానులో వెయ్యి మందికి పైగా పోయారు, వారిలో సముద్రం మీదున్న మత్స్యకారులు ఎందరో. రెండు చూపులూ కలిస్తేనే మేలని చెప్పడానికి ఆ ఊళ్లలో ఉపన్యాసం అవసరం లేదు.

ఇక, ఇల్లు విడిచి వెళ్లడానికి అయ్యే ఖర్చు. దీనికి వాతావరణ శాస్త్రంతో సంబంధం లేదనుకుంటారు కానీ, నమ్మకం నిలిచేదీ విరిగేదీ ఇక్కడే. పునరావాస కేంద్రంలో ఆడవాళ్లకు తలుపున్న మరుగుదొడ్డి లేకపోతే, పసిపిల్లలకు పాలు లేకపోతే, గేదెను ఎక్కడ కట్టాలో చెప్పకపోతే, ఒడ్డున వదిలిన వలకూ ఇంజనుకూ కాపలా లేకపోతే, వచ్చేసారి ఆ కుటుంబం కదలదు. అంచనా నిజమైనా సరే కదలదు. ఇటీవలి తుపాన్లలో కేంద్రాల నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు బియ్యం, కొంత నగదు ఇవ్వడం వల్ల వచ్చిన మార్పును నేను స్వయంగా చూశాను. అది సాయం మాత్రమే కాదు. నువ్వు మా మాట విన్నందుకు నీ రోజు కూలి పోయిందని మాకు తెలుసు అని ప్రభుత్వం చెప్పడం.

పది రోజుల ముందే తుపాను వస్తుందంటూ వాట్సాప్‌లో తిరిగే రంగురంగుల పటాల గురించి ఎక్కువ చెప్పను. వాటిని ఖండిస్తూ కూర్చోవడం వృథా. మన మాట వాటికంటే ముందుగా, స్పష్టంగా, తెలుగులో చేరితే చాలావరకు వాటంతటవే వెనకబడతాయి.

మీరు ఉపాధ్యాయులు కనుక మీ చేతుల్లో ఉన్న పని ఒకటి చెబుతాను. సెప్టెంబరులో, సముద్రం నెమ్మదిగా ఉన్నప్పుడే, బడి గోడ మీద పిల్లలతో ఒక పట్టిక గీయించండి. ఒక వరసలో హెచ్చరిక వచ్చిన తేదీ, ఏం చెప్పారు. పక్క వరసలో ఏం జరిగింది. అక్టోబరు నుంచి డిసెంబరు వరకు వచ్చే ప్రతి అల్పపీడనానికీ, ప్రతి వాయుగుండానికీ పిల్లలే రాయాలి. సరిపోయినవి, తప్పినవి, దేన్నీ వదలకూడదు. మూడో వరస ఒకటి ఖాళీగా ఉంచండి. తుపాను బలం తగ్గితే ఆ సంగతి ఊరికి ఎన్ని గంటలకు చేరిందో అందులో రాయించండి. ఏడాది తిరిగాక ఊరి పెద్దలనూ, మత్స్యకార సంఘం వాళ్లనూ, తహసీల్దారునూ ఆ గోడ ముందు కూర్చోబెట్టండి. మూడో వరస చదివేటప్పుడు గదిలో ఎవరు ఎవరి వైపు చూస్తారో గమనించి, వీలైతే నాకు రాయండి.